ఖర్చుకు లెక్క ఉంది, ప్రాణానికి లేదు

2022లో దేశ రహదారులపై 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదికే ప్రకటించింది. అంటే రోజుకు 460 మందికి పైగా. ప్రమాదం జరిగిన ప్రతిసారీ వినిపించే మాట ఒక్కటే: 'నిర్లక్ష్యంగా నడిపాడు'. చనిపోయినవాడు జవాబు చెప్పలేడు. రోడ్డు వేసినవారిని అడిగేవారు లేరు.

మేము ప్రభుత్వ కార్యాలయాలలో దస్త్రాల మధ్య జీవితం గడిపినవాళ్లం. పని మంజూరవుతుంది, ఎం-బుక్‌లో కొలతలు ఎక్కుతాయి, బిల్లు చెల్లుతుంది, వినియోగ ధ్రువపత్రం పై కార్యాలయానికి వెళుతుంది. దానితో దస్త్రం మూతపడుతుంది. ఆ మలుపులో దీపం వెలుగుతున్నదా, మరణాలు తగ్గాయా అని అడిగే గడి ఆ పత్రంలో లేదు. ఆ పత్రాలకు శుద్ధప్రతులు రాసిన చేతులు మావే. నాడు ఆ ప్రశ్న వేయని తప్పులో మాకూ వాటా ఉంది.

చట్టం లేక కాదు. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో ఐదు తీవ్ర ప్రమాదాలు గాని, పది మరణాలు గాని సంభవిస్తే అది 'బ్లాక్ స్పాట్'. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198-ఎ సెక్షన్ ప్రకారం, నిర్మాణ, నిర్వహణ ప్రమాణాలు పాటించనందువల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. హెల్మెట్ లేనివానికి అదే చట్టం వెయ్యి రూపాయలు నిర్ణయించింది. హెల్మెట్ చలానా ఫోటోతో సహా ఇంటికి వస్తుంది. లక్ష రూపాయల చలానా ఏ కాంట్రాక్టరు గడపకైనా చేరిందని మీరు విన్నారా?

ముస్లింలు అధికంగా నివసించే గ్రామాలకు పక్కా రోడ్లు, బస్ స్టాపులు కొరవడ్డాయని 2006లోనే సచార్ కమిటీ తేల్చింది. బస్సు రాని ఊరివారు ఆటోలలో కిక్కిరిసి హైవే ఎక్కుతారు. కనుక ఈ లెక్క అడగవలసినవారిలో మనమూ ఉన్నాము.

కలెక్టర్ అధ్యక్షతన ప్రతి జిల్లాలో రహదారి భద్రతా కమిటీ ఏర్పాటు చేయాలని, అందులో పౌర సమాజానికి చోటివ్వాలని 2017లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ చోటు మన జిల్లాలో ఎవరిదో తెలుసుకుందాం. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేద్దాం: బ్లాక్ స్పాట్లు ఎన్ని? ఒక్కొక్కదానికి మంజూరైనదెంత? పని చేసినదెవరు? పనికి ముందు మరణాలెన్ని, తరువాత ఎన్ని? 30 రోజులలో జవాబు రావాలి. రాకపోతే అప్పీలు చేద్దాం.

చివరి ప్రశ్నకు జవాబు లేని వినియోగ ధ్రువపత్రాన్ని ఏ అధికారీ ఆమోదించరాదు. ఇదే మా డిమాండు.