పద్నాలుగు పేర్లు, ఒక్క పంక్తి

క్రైస్తవంలో సహనం ఎక్కువా, ఇస్లాంలో ఎక్కువా అనే వాదం తెలుగునాట ఎప్పుడు రేగినా ఐరోపా మతయుద్ధాల చుట్టూనో, షియా సున్నీ తగాదాల చుట్టూనో తిరుగుతుంది తప్ప, పెనుకొండ, ధర్మవరం, చెన్నేకొత్తపల్లి వైపు ఊళ్లలో ఈ రెండు మతాలవారు తమలో తాము ఎలా మెలుగుతున్నారన్న ప్రశ్న దాకా రాదు. మతంలోని వైవిధ్యాన్ని గ్రంథవాక్యాలతో తూచేవారెవరూ ప్రభుత్వ జాబితాలను తెరచి చూసినట్టు కనిపించదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన చట్టం వెనుకబడిన తరగతుల ‘ఈ’ విభాగానికి 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ, అత్తరు సాయిబులు, హజాంలు, ఖురేషీలు, సిద్దీలు వంటి 14 ముస్లిం సమూహాలను పేరుపేరునా పేర్కొని, సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి పైవర్గాలను బయట ఉంచింది. దూదేకులవారు ‘బీ’ విభాగంలో ఉన్నారు. దళిత క్రైస్తవుల దగ్గరకు వచ్చేసరికి ‘సీ’ విభాగంలో, 1 శాతానికి ఎదురుగా, క్రైస్తవంలోకి మారిన షెడ్యూల్డు కులాలవారు, వారి సంతతి అన్న ఒక్క పంక్తి మాత్రమే ఉంది. అటు 14 పేర్లు, ఇటు ఒక్క పంక్తి. ఇన్నేళ్ల చర్చలో ఈ తేడా ఎవరికీ పట్టలేదు.

సిద్ధాంతాల విషయంలో రెండు మతాలూ చూపిన ఓర్పు తక్కువది కాదు. బిషప్పుల అధికారాన్ని ఒప్పుకునే ఆంగ్లికన్లు, దానిని ఒప్పుకోని సంఘాలవారు 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఏకమయ్యారు. రాయలసీమలోని లండన్ మిషన్ సంఘాలు కూడా అందులో చేరాయి. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులూ మొక్కుకుంటారు. సమాధుల దగ్గర మొక్కడం తౌహీద్‌కు, అంటే దైవం ఒక్కడే అన్న సూత్రానికి, విరుద్ధమనే ముస్లింలు ఉన్నా దర్గా దర్గాగానే నడుస్తోంది. ఈ ఓర్పు కులం దగ్గర మాత్రం ఆగిపోతుంది. మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు వేర్వేరు ప్రార్థనా మందిరాలకు వెళ్లే ఊళ్లున్నాయి. దూదేకుల ఇంటితో వియ్యానికి సయ్యద్ కుటుంబాలు సాధారణంగా ముందుకు రావు.

రిజర్వేషన్ జాబితా సమాజశాస్త్రం కాదన్న అభ్యంతరం కొంత నిజమే. ఆ 2007 చట్టాన్ని హైకోర్టు 2010లో కొట్టివేయగా సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నడుస్తోంది. అయినా 14 పేర్లను చట్టం సృష్టించలేదు, ఉన్నవాటినే రాసుకుంది.

అసలు వైరుధ్యం 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఉంది. దాని మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించి, క్రైస్తవులను, ముస్లింలను నేటికీ బయటే ఉంచింది. క్రైస్తవం స్వీకరించినవారికి ఎస్సీ హోదా ఉండదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 ఏప్రిల్‌లో మళ్లీ చెప్పింది. మతం మారితే కులం పోతుందన్నదే దీని వెనుక ఉన్న వాదమైతే, ‘సీ’ విభాగంలోని ఆ ఒక్క పంక్తిలో మారినవారితో పాటు ‘వారి సంతతి’ కూడా దేనికి? పోయిన కులం పిల్లలకు ఎలా సంక్రమిస్తుంది? ఈ హోదాను పరిశీలించేందుకు కేంద్రం 2022లో కమిషన్ వేసింది గాని, ప్రశ్నకు సమాధానం ప్రభుత్వ పుస్తకాల్లోనే ఉంది. కులం లేదని ప్రభుత్వం నమ్మితే ఆ పంక్తిని కొట్టివేయాలి. ఉందని నమ్మితే మూడో పేరాను కొట్టివేయాలి.