ఒక్కరిని కాదు, ఆరుగురిని పంపండి



ఈసారి వార్షికోత్సవ నిధిలో ఆటలకని పక్కన పెట్టిన డబ్బు కొద్దిగానే ఉంది. దాంతో ఏం చేయాలన్నదాని మీద మెస్‌లోనూ వరండాలోనూ నెల రోజులుగా వాదన నడుస్తోంది. చలికాలంలో విశాఖపట్నం వైపు, కొండలూ సముద్రపు ఒడ్డూ కలిసిన దారిలో జరిగే క్రాస్ కంట్రీ పరుగుకు మనవాళ్లను పంపాలన్నది ఒక ప్రతిపాదన. "పంపితే పతకం తెచ్చే ఒక్కడిని పంపండి, మిగతావాళ్లు దండగ" అన్నది దానికి వచ్చిన సవరణ. "అసలు మనకు పరుగులెందుకు? నోటిఫికేషన్లు పడుతున్నయి, కూర్చుని చదువుకోండి" అన్నది మూడో మాట. తెల్లవారుజామున నాంపల్లి రోడ్ల మీద పరుగెత్తే పన్నెండు మందిమి మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం. ఆరుగురిని పంపాలి. ఎందుకో చెప్తాం.

ముందు ఈ పోటీ సంగతి తెలియాలి. ట్రాక్ మీద పరుగులో ఎవరి టైము వాళ్లది, ఎవరి పతకం వాళ్లది. క్రాస్ కంట్రీ అట్లా కాదు. మట్టి, గడ్డి, రాళ్లు, ఎత్తు, పల్లం, వాగు దాటుడు, అన్నీ ఉంటాయి కాబట్టి అక్కడ టైముకు పెద్దగా విలువ లేదు. ఎన్నో స్థానంలో వచ్చావన్నదే లెక్క. జట్టు ఫలితం కూడా స్థానాల మీదనే. ఇప్పటి ప్రపంచ పోటీల్లో ఒక దేశం తరఫున ఆరుగురు పరుగెత్తితే, వాళ్లలో ముందు వచ్చిన నలుగురి స్థానాలు కూడుతారు. ఏ జట్టు మొత్తం తక్కువైతే అది గెలిచినట్టు. ఒక జట్టు వాళ్లు 1, 30, 41, 52 స్థానాల్లో వచ్చారనుకోండి, మొత్తం 124. ఇంకో జట్టు వాళ్లు 12, 15, 19, 22 స్థానాల్లో వస్తే మొత్తం 68. మొదటి బహుమతి ఉన్న జట్టు ఓడిపోయింది, మొదటి పదిమందిలో ఒక్కడు కూడా లేని జట్టు గెలిచింది! కెన్యా మగవాళ్ల జట్టు 1986 నుంచి 2003 దాకా వరుసగా 18 సార్లు ప్రపంచ జట్టు బహుమతి గెలిచింది ఇట్లా స్థానాలు కూడే లెక్కతోనే. వాళ్ల దగ్గర ఒక్క వీరుడు ఉన్నందుకు కాదు, నాలుగోవాడూ ఐదోవాడూ కూడా గట్టివాళ్లు ఉన్నందుకు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. "ఒక్కడిని పంపండి" అనేవాళ్లు ఈ ఆటను ట్రాక్ ఆటగా లెక్కగడుతున్నారు. ఒక్కడే పోతే జట్టుగా పేరే రాయించలేం. వాడు ఏ ఇరవయ్యో స్థానంలోనో వచ్చి, ఒంటరిగా రైలెక్కి తిరిగి వస్తాడు. అప్పుడు మళ్లీ మనమే అంటాం, చూశారా, డబ్బు దండగ అని!

ఇందులో ఇంకో మాట కూడా ఉంది. ప్రతి వార్షికోత్సవంలో వేదిక మీద వక్తలు చెప్పే కథలు మనకు కంఠతా వచ్చు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టథ్లాన్‌లో కాంస్యం తెచ్చిన అగసర నందిని, టీ కొట్టు నడిపే ఇంటి బిడ్డ, మన గురుకులాల విద్యార్థినే. వరంగల్ జిల్లా కల్లెడ కూలీ ఇంట్లో పుట్టిన జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం గెలిచింది. వీళ్ల పేర్లు విన్నప్పుడల్లా మా ఛాతీ ఉప్పొంగుతుంది. అందులో సందేహం లేదు. కానీ ఆ చప్పట్ల తర్వాత మిగతా వందల మంది గదులకు వెళ్లి పడుకుంటారు. వందలో ఒక్కరిని ఏరి, మెరుగుపెట్టి, ఫోటో తీయించే పద్ధతికి మనం బాగా అలవాటు పడ్డాం. చదువులోనూ అంతే కదా! పూర్ణ కూడా ఒంటరిగా ఎక్కలేదని, భువనగిరి గుట్ట మీద ఎంతోమంది పిల్లలతో కలిసే మొదలుపెట్టిందని ఆ వక్తలు గుర్తు చేస్తే బాగుండు.

మాలో ఒక మిత్రుడున్నాడు. పేరు రాయొద్దన్నాడు. పాలమూరు వైపు వాడు, ఎం.ఏ. చదువుతున్నాడు. ట్రాక్ మీద మా పన్నెండు మందిలో అతను ఏడోవాడో ఎనిమిదోవాడో. పోయిన చలికాలం మేము సొంత ఖర్చుతో నాంపల్లిలో రైలెక్కి వికారాబాద్ వెళ్లి, అనంతగిరి గుట్టల్లో పది కిలోమీటర్లు పరుగెత్తి చూసుకున్నాం. ట్రాక్ మీద మాకు అందనివాడు ఆ గుట్టల్లో ఐదోవాడయ్యాడు. ఈ పాలమూరు మిత్రుడు రెండోవాడు! ఎక్కేటప్పుడు మామూలుగానే ఉన్నాడు. దిగేటప్పుడు మాత్రం మేమంతా కాళ్లతో బ్రేకులేస్తూ భయపడుతూ దిగితే, అతను రాళ్ల మీద మేకపిల్ల లెక్క దుంకుకుంటూ పోయాడు. పదో తరగతి దాకా సెలవుల్లో మేకలు కాసినవాడికి ఆ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు. "పతకం తెచ్చే ఒక్కడిని" ఏరమంటే ఎల్.బి. స్టేడియం ట్రాక్ మీద టైము చూసి ఏరుతాం. అప్పుడు ఈ మనిషి జాబితాలోనే ఉండడు.

సముద్రపు ఒడ్డు పరుగు సంగతి వేరే. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, పొడి గాలి. విశాఖలో చలికాలం పొద్దున కూడా గాలిలో తేమ ఎక్కువ. పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఇది చిన్న విషయం కాదు. 2007 మార్చిలో ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీ కెన్యాలోని మొంబాసాలో, సముద్రం పక్కనే జరిగింది. అంతకుముందు వరుసగా ఐదేళ్లు గెలిచిన ఇథియోపియా వీరుడు కెనెనిసా బెకెలె ఆ ఉక్కపోతలో మధ్యలోనే ఆగిపోయాడు. ఎరిత్రియాకు చెందిన జెర్సెనాయ్ టడెసె మొదట వచ్చాడు. జట్టు బహుమతి మాత్రం కెన్యాదే. ఇంకా వెనక్కి పోతే 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఎండ దెబ్బకు, పరుగు మొదలుపెట్టిన 38 మందిలో 15 మందే చివరిదాకా వచ్చారు. ఆ తర్వాత క్రాస్ కంట్రీని ఒలింపిక్స్ నుంచే తీసేశారు. ఇవన్నీ భయపెట్టడానికి రాయడం లేదు. ఒక్కడినే పంపితే వాడికి ఆ రోజు ఒంట్లో బాగా లేకపోయినా, మడమ బెణికినా కథ అయిపోయినట్టే. ఆరుగురు పోతే ఇద్దరు ఆగినా నలుగురు మిగులుతారు, జట్టు నిలబడుతుంది.

మరి నాంపల్లిలో ఉండి కొండకూ ఇసుకకూ సిద్ధమయ్యేదెట్లా అని అడుగుతున్నారు. కొండ మన పక్కనే ఉంది. పబ్లిక్ గార్డెన్స్ లోపల రెండు చుట్లు తిరిగి, అసెంబ్లీ ముందు నుంచి నౌబత్ పహాడ్, బిర్లా మందిరం వైపు ఎక్కే రోడ్డు పట్టుకుంటే తొడలు మండిపోతాయి. వారానికి రెండు రోజులు ఆ ఎత్తు ఆరుసార్లు ఎక్కి దిగుతున్నాం. ఎక్కడానికి చిన్న అడుగులు, దిగడానికి వదులు మోకాళ్లు, అంతే మా శాస్త్రం. జనవరి 1 నుంచి నుమాయిష్ మొదలైతే నలభై రోజులకు పైగా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చుట్టుపక్కల పొద్దున కూడా లారీలూ చెత్తా ఉంటాయి. అప్పుడు దారి మార్చుకొని మొజంజాహీ మార్కెట్ మీదుగా ఆబిడ్స్ జీపీవో దాకా పోయి వస్తాం. ఇసుక మాత్రం లేదు. అపార్ట్‌మెంట్లు కట్టేచోట పోసిన ఇసుక కుప్ప మీద ఒకరోజు ప్రయత్నించాం, మేస్త్రి తరిమాడు. తడి ఇసుక గట్టిగా ఉంటుంది, నీళ్ల అంచున పరుగెత్తాలని మాత్రం తెలుసుకున్నాం.

మైదానాల గురించి ఒక్క మాట. దగ్గర్లోని ఒక కళాశాల మైదానంలోకి మమ్మల్ని రానివ్వలేదు. "ఏ కాలేజీ? ఏ హాస్టల్?" అని అడిగి, హాస్టల్ పేరు వినగానే గేటు వేశారు. దాని మీద ఎక్కువ రాయం. రోడ్డు అందరిదీ.

బూట్లూ తిండీ అసలు సమస్య. కొండ దారికి పట్టున్న బూట్లు కావాలి. ఆబిడ్స్ దుకాణాల్లో అవి నాలుగైదు వేలు. ఫుట్‌పాత్ మీద కొన్నవి రెండు నెలలకు అడుగు ఊడుతున్నాయి. ఆదివారం పాత పుస్తకాల కోసం ఆబిడ్స్ పోయినప్పుడల్లా ఆ అద్దాల ముందు కాసేపు నిలబడి వస్తున్నాం. ఇక తిండి. ఇంటర్ నుంచి పీజీ దాకా నెల మెస్ ఛార్జీ 1500 రూపాయలుండేది. 2024 నవంబర్‌లో 2100 చేశారు. పెంచినందుకు సంతోషమే, దాని వెనక ఎన్నో ధర్నాలున్నాయి. కానీ రోజుకు 70 రూపాయలు, అందులో మూడు పూటలూ వెళ్లాలి. పది కిలోమీటర్లు పరుగెత్తి వచ్చినవాడికి పొద్దున ఉప్మా ఒక గరిటెడు పడితే తొమ్మిదింటి క్లాసులో కళ్లు తిరుగుతాయి. మాకు ఇంకో గుడ్డు, గుప్పెడు నానబెట్టిన శనగలు చాలు. ఇది పరుగెత్తేవాళ్లకు మాత్రమే అడగడం లేదు. రాత్రి రెండింటి దాకా చదివేవాడికీ ఆకలి అదే.

పక్కనున్న ఆడపిల్లల హాస్టల్ నుంచి నలుగురు చెల్లెళ్లు మాతో కలుస్తామన్నారు. వాళ్ల గేటు ఆరింటికి గానీ తెరవరు. ఆరింటికి బయటికొస్తే ట్రాఫిక్ మొదలవుతుంది, ఏడింటికల్లా టిఫిన్ లైను. అంటే వాళ్లకు పరుగు లేనట్టే. ప్రపంచ పోటీల్లో ఆడవాళ్లకూ మగవాళ్లకూ 2017 నుంచి ఒకటే దూరం, 10 కిలోమీటర్లు. ఇక్కడ మాత్రం గేటు దగ్గరే ఆగిపోయింది. వార్డెన్ మేడం గారు భద్రత గురించి చెప్పే మాటలో న్యాయం ఉంది, కొట్టిపారేయం. ఒక వాచ్‌మన్, ఒక టీచరు తోడుంటే ఐదింటికి పబ్లిక్ గార్డెన్స్ దాకా వెళ్లి రావచ్చు. ఆరు టికెట్ల కన్నా ఈ గేటు విషయమే ముందు తేలాలని మాలో సగం మంది అంటున్నారు. మిగతా సగం కూడా కాదనలేదు.

ఇక చదువు మాట. ఇది అన్నవాళ్ల మీద మాకు కోపం లేదు. మాలో చాలామందిమి ఇంట్లో మొదటి డిగ్రీవాళ్లం. అమ్మ పత్తి ఏరి పంపిన డబ్బుతో పీజీ చదువుతూ కాలు విరగ్గొట్టుకుంటే ఎవరికి చెప్పుకోవాలన్న భయం మాకూ ఉంది. కానీ మన హాస్టళ్లలో పరుగు లేకుండా ఏమీ లేదు. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే చాలు, వంద మంది రోడ్డెక్కుతారు. ఒకప్పుడు 5 కిలోమీటర్లుండేది. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో. ఆ పరీక్ష కోసం మూడు నెలల్లో ఒంటిని నలగ్గొట్టి, అయిపోగానే బూట్లు అటక మీద పడేస్తారు. ఎన్నిక కానివాడు మళ్లీ పరుగు పేరెత్తడు, ఆ రోడ్డు చూస్తేనే ఓటమి గుర్తొస్తుందంటాడు. పక్కవాడు పడిపోతే తనకు ఒక పోస్టు మిగిలిందనుకునే పరుగు అది. పక్కవాడు పడిపోతే మన లెక్క పెరిగే పరుగు ఇది. రెండోది కూడా మన పిల్లలకు ఒకసారైనా తెలియాలన్నదే మా వాదన. పోయినేడు మాలో ఇద్దరికి సెమిస్టర్ మార్కులు తగ్గాయి, నలుగురికి పెరిగాయి. దీన్నిబట్టి ఏమీ తేల్చలేం, అటూ ఇటూ వాడుకోవద్దని మనవి.

డబ్బు లెక్క ఇది. నాంపల్లి నుంచి విశాఖకు 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది, సాయంత్రం ఎక్కితే తెల్లవారేసరికి దిగుతాం. స్లీపర్‌లో ఆరుగురికి రానూ పోనూ ఆరేడు వేల లోపే. బస మేము చూసుకుంటాం, అక్కడి సంక్షేమ హాస్టల్ మిత్రులు గది ఇస్తామన్నారు. పోయిన వార్షికోత్సవంలో అతిథుల ఫోటోలతో వేసిన ఫ్లెక్సీలకూ సౌండ్ బాక్సులకూ అయిన ఖర్చు ఇంతకన్నా ఎక్కువ. ఆ ఫ్లెక్సీలు ఇప్పుడు స్టోర్ రూం మీద వాన కురవకుండా కప్పి ఉన్నాయి, ఆ మేరకు పనికొచ్చాయి.

ఆరుగురిని ట్రాక్ టైముతో కాకుండా నౌబత్ పహాడ్ ఎత్తు మీదా, అనంతగిరి దారిలోనూ పెట్టిన రెండు పరుగుల స్థానాలు కలిపి ఎంపిక చేయాలి. ఎవరైనా రావచ్చు, మా పన్నెండు మందే కానక్కర్లేదు. ఉద్యోగాల్లో స్థిరపడ్డ అన్నలు పాత బూట్లుంటే పారేయకుండా మాకు పంపండి. 7, 8, 9 సైజులు ఎక్కువ కావాలి, పాలమూరు మిత్రుడికి మాత్రం 10. కమిటీ సమావేశం వార్షికోత్సవం మరునాడు సాయంత్రం మెస్ హాల్లో ఉంది. వ్యతిరేకించేవాళ్లు కూడా తప్పకుండా రావాలి. ఆ రోజు పొద్దున ఐదున్నరకు పబ్లిక్ గార్డెన్స్ గేటు దగ్గర మేముంటాం, ఒక చుట్టు మాతో తిరిగి వచ్చి వాదిస్తే ఇంకా మంచిది.