ఏ పట్నం మేలు? కుళాయిని, వంకను అడగండి

జూన్ నెల వచ్చిందంటే మన పల్లెల్లో రెండు చర్చలు నడుస్తాయి. ఒకటి విత్తనపు వేరుశనగ గురించి, రెండవది పిల్లల బడి గురించి. మొదటి చర్చ వాన పడితే ముగుస్తుంది. రెండవది మాత్రం చాలా ఇళ్లలో మూటాముల్లె సర్దుకునే దాకా పోతున్నది. ఉన్న మూడెకరాల్లో ఒక ఎకరం అమ్మి పట్నంలో రెండు సెంట్ల స్థలం కొనేవారు కొందరు. చేను గుత్తకిచ్చి బాడుగ ఇంట్లో దిగేవారు మరికొందరు. ఒక సేద్యగాని ఇంట్లో ఇటువంటి నిర్ణయం తరానికి ఒక్కసారే జరుగుతుంది. అది బెడిసికొడితే చేనూ దక్కదు, పట్నమూ దక్కదు.

అందువల్ల "ఏ పట్నంలో ఉంటే మేలన్నా?" అనే ప్రశ్నకు నాలుగు వైపులా ఆలోచించి బదులు చెప్పవలసి ఉన్నది. గుత్తి, గుంతకల్లు, తాడిపత్రి ప్రాంతాల పల్లెలవారికి అందుబాటులో ఉన్న పట్నాలు నాలుగు. అనంతపురం, కర్నూలు, కడప, సరిహద్దుకు ఆవలనున్న బళ్లారి. హైదరాబాదు, బెంగుళూరు మాట వేరు. అక్కడికి పోయినవాడు పండుగకే తిరిగి వస్తాడు. ఈ నాలుగూ సముద్రానికి దూరంగా, మెట్టనేల మధ్య పెరిగిన పట్నాలు. 2011 జనాభా లెక్కల ప్రకారం అనంతపురంలో 2.6 లక్షల మంది, కడపలో సుమారు 3.4 లక్షల మంది ఉన్నారు. కర్నూలు, బళ్లారి రెండూ అప్పటికే 4 లక్షలు దాటాయి.

చదువు, వైద్యం

మనవాళ్లు పట్నం పోయేది ముఖ్యంగా ఈ రెండింటికే. ఈ విషయంలో నాలుగింటిలో ఏదీ తీసిపోదు. అనంతపురంలో 1916 నాటి ఆర్ట్స్ కళాశాల ఉన్నది. 1946లో మదరాసులో మొదలై ఆ తరువాత ఇక్కడికి తరలివచ్చిన ఇంజనీరింగ్ కళాశాల నేడు విశ్వవిద్యాలయమైంది. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో, ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వచ్చాయి. కర్నూలు 1953 నుండి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అక్కడి వైద్య కళాశాల 1957 నాటిది. సీమలో ప్రాణం మీదికి వచ్చిన రోగిని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవడం తాతల నాటి నుండి ఉన్న అలవాటు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, రిమ్స్ ఆసుపత్రి రెండూ 2006లో వచ్చాయి. బళ్లారిలో వైద్య కళాశాల 1961 నుండి ఉన్నది.

అయితే బళ్లారి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి మనతోపాటు మదరాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆనాడు మైసూరులో కలిసింది. అక్కడ బజారులో తెలుగు మాట్లాడితే బదులు తెలుగులోనే వస్తుంది. గుంతకల్లు నుండి సుమారు 50 కిలోమీటర్లు, రైలు సౌకర్యం కూడా ఉన్నది. కాని బడిలో కన్నడం తప్పదు. మన రాష్ట్రంలో సీట్లకు, కొలువులకు స్థానికతను ప్రధానంగా పిల్లలు వరుసగా చదివిన చోటును బట్టే చూస్తారు. పదేళ్ల పిల్లవాణ్ణి బళ్లారి బడిలో చేర్చే తండ్రి, పిల్లవాడికి ఇరవై ఏళ్లు వచ్చాక ఏమవుతుందో ముందే విచారించుకోవడం మంచిది.

కూలి, కొలువు

పట్నంలో పని దొరుకుతుందనే మాట సగమే నిజం. ఏ పని చేతనైనవారికి ఏ పట్నం అన్నదే అసలు ప్రశ్న. కుట్టుమిషను తెలిసినవారికి బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పని ఉన్నది. దానికి దగ్గరలోని తోరణగల్లులో పెద్ద ఉక్కు కర్మాగారం ఉన్నది. కర్నూలు జాతీయ రహదారి మీద ఉన్న పట్నం కనుక లారీలు, మండీలు, గోదాముల పని ఎక్కువ. అనంతపురంలో దుకాణాలు, ఆసుపత్రులు, కట్టడం పనులే ఆధారం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారాన్ని నమ్ముకుని అనంతపురంలో ఇల్లు తీసుకునేవారు దూరం లెక్క వేసుకోవాలి. పోనూ రానూ దాదాపు 140 కిలోమీటర్లు. కడపలో వ్యాపారం ఉన్నది, ఎండ కూడా అదే స్థాయిలో ఉన్నది. రేకుల ఇంట్లో చిన్నపిల్లలతో ఏప్రిల్, మే నెలలు గడపడం సామాన్యం కాదు.

ఇంతవరకు చెప్పినవి అందరూ చూసేవే. ఎవరూ చూడనివి రెండున్నాయి. అవి ఎండాకాలంలో కుళాయి, వానాకాలంలో వంక.

ఎండాకాలపు కుళాయి

అనంతపురం జిల్లాలో సాలుకు సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అటువంటి నేల మీద లక్షల మందికి నీళ్లివ్వడం చిన్న విషయం కాదు. తుంగభద్ర ఎగువ కాలువ నీరు పెన్నా మీది జలాశయాల్లోకి చేరడం మీదనే అనంతపురం దాహం తీరడం ఎక్కువగా ఆధారపడి ఉన్నది. బళ్లారి కూడా తుంగభద్రనే నమ్ముకున్నది. కర్నూలు తుంగభద్ర ఒడ్డునే ఉన్నా, వేసవిలో ఏరు ఎండిపోతే సుంకేసుల బ్యారేజీలో నిలువ నీటి వైపు చూడవలసిందే. అంటే మూడు పట్నాల గొంతు తడి ఒకే డ్యాము మీద ఉన్నదన్నమాట. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ డ్యాము 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రైతులే కాదు, పట్నవాసులు కూడా కలవరపడ్డారు. వారం రోజుల్లో తాత్కాలిక గేటు అమర్చబట్టి సరిపోయింది.

కనుక ఇల్లు చూడబోయేవారు గదులు ఎన్నని అడిగే ముందు, మే నెలలో కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుందని అడగాలి. ఇంటి యజమానిని అడిగితే లాభం లేదు. బిందెతో నిలబడే పక్కింటి అమ్మను అడిగితే నిజం తెలుస్తుంది. ఒకే పట్నంలో ఒక వీధికి, ఇంకొక వీధికి ఎంతో తేడా ఉంటుంది. ట్యాంకరు నీళ్లు, క్యాను నీళ్లు కొనే ఖర్చు బాడుగలో కలిపి లెక్క వేసుకోవాలి. తక్కువ బాడుగ అని సంబరపడిన ఇల్లే చివరికి ప్రియమని తేలవచ్చు.

వానాకాలపు వంక

కరువు సీమలో పట్నాలు మునుగుతాయంటే బయటివారు నమ్మరు. కాని మునిగాయి. 2001లో కడపలో బుగ్గవంక పొంగి ఇళ్లలోకి వచ్చింది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాత నగరాన్ని ముంచెత్తాయి. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక మరొకసారి కడపను బెదిరించింది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, సర్టిఫికెట్లు బురదపాలయ్యాయి.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటున్నది. ఈ వరదల్లో ఎక్కువగా నష్టపోయేది తరతరాలుగా పట్నంలో స్థిరపడిన కలిగినవారు కాదు. పల్లెల నుండి వచ్చి, చవకగా దొరికిందని వంక పక్కన, చెరువు కింద స్థలం కొన్నవారే. చవకగా ఎందుకు దొరికిందో నీళ్లు వచ్చిన నాడు గాని తెలియదు. మన పెద్దలు ఊరు కట్టినప్పుడు గడ్డమీద ఇళ్లు వేసి వంకకు దారి వదిలారు. నీరు పల్లమెరుగునన్న సంగతి వారికి ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఆ తెలివి పల్లెలో పుట్టిన ప్రతివారికీ ఉన్నది. పట్నంలో రంగు రాళ్లు పాతిన లేఅవుటు చూడగానే దానిని మరచిపోతున్నాము. ఇది శోచనీయం.

సాయంత్రం బస్సు

ఇంకొక పరీక్ష మిగిలి ఉన్నది. ఊళ్లో ముసలి తల్లిదండ్రులు, నాలుగు గొర్రెలు, గుత్తకిచ్చిన చేను మిగిలిపోతాయి. కబురు వస్తే అదే పూట ఊరు చేరగలగాలి. గుత్తి నుండి అనంతపురం సుమారు 50 కిలోమీటర్లు, కర్నూలు 95 పైచిలుకు. తాడిపత్రి నుండి అనంతపురానికి 60 లోపు, కడపకు దాదాపు రెట్టింపు. 2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు లేకుండా ప్రయాణం కల్పించారు. దీనితో దగ్గరి పట్నానికి విలువ ఇంకా పెరిగింది. ఆ సౌకర్యం రాష్ట్రం దాటే బస్సులకు లేదు.

ఇన్నీ తూచి చూస్తే మన అభిప్రాయం ఇది. పిల్లల చదువు కోసమే పోయేవారికి దగ్గరలోని పట్నమే మేలు. మన జిల్లాలో ఎక్కువమందికి అది అనంతపురమే. ఏళ్ల తరబడి చికిత్స అవసరమైన రోగి ఇంట్లో ఉంటే కర్నూలు గురించి ఆలోచించవచ్చు. చేతిలో కుట్టుపని ఉండి, చదివే పిల్లలు లేనివారికి బళ్లారి కలిసిరావచ్చు. తాడిపత్రికి తూర్పున, కడపలో బంధుత్వం, వ్యాపారం ఉన్నవారికి కడప అనుకూలం. ఏ పట్నమైనా సరే, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం బాడుగ ఇంట్లో గడపనిదే సెంటు స్థలం కూడా కొనవద్దు. అంతవరకు చేను అమ్మవద్దు. గుత్తకిచ్చిన చేను తిరిగి వస్తుంది, అమ్మిన చేను రాదు. కొనేనాడు ఈ.సీ. తీసి ఊరుకోక, ఆ సర్వే నంబరు పక్కన వంక పోరంబోకు గాని, చెరువు గాని ఉన్నదేమో రెవెన్యూ పటంలో చూపించమని అడగాలి. లేఅవుటుకు అనుమతి ఉన్నదో లేదో కాగితం చేతికిస్తేనే నమ్మాలి.

జాగ్రత్త అంతా పేదవాడి మీదనే వదిలివేయడం న్యాయం కాదు. నడిమివంకకు, బుగ్గవంకకు, హంద్రీకి ఎల్లలు ఎంతవరకో అధికారులకు తెలుసు. లోగడ వరద నీరు ఎంతవరకు వచ్చిందో కూడా తెలుసు. ఆ ఎల్లల వెంట అందరికీ కనపడేలా రాళ్లు పాతి, పటాన్ని నగరపాలక సంస్థ కార్యాలయంలోను, రిజిస్ట్రార్ కచ్చేరీలోను గోడకు వేలాడదీయడానికి కోట్లు ఖర్చు కావు. ఆ పని చేస్తే తెలియక కొనేవాడు ఉండడు, తెలిసి అమ్మేవాడికి వెరపు పుడుతుంది. కడపలో వరద తరువాత బుగ్గవంకకు గోడలు కట్టారు. ఇళ్లు కట్టక ముందే ఎల్ల చూపించి ఉంటే అంత అవస్థ ఉండేది కాదు. కుళాయి నీళ్లు ఏ వీధికి ఏ రోజు వస్తాయో తెలిపే పట్టికను ప్రతి వార్డులో వేయాలి. రాత్రి ఎనిమిది తరువాత కూడా జిల్లా కేంద్రం నుండి మండలాలకు బస్సులు నడపాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మండల కేంద్రాల్లో ఉన్న జూనియర్ కళాశాలలకు అధ్యాపకులను, ఆసుపత్రులకు డాక్టర్లను సరిగ్గా నింపితే, మూటాముల్లె సర్దుకునే కుటుంబాల్లో సగం ఊళ్లోనే ఉంటాయి. పట్నానికి పోయేవాడు ఇష్టపడి పోవాలి గాని, గతిలేక పోకూడదు. సంబంధిత అధికారులు, ప్రజాప్రతినిధులు ఈ విషయం మీద దృష్టి సారించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది. రానున్న వానలకు ముందే వంకల ఎల్లలు గుర్తించే పని మొదలుపెడితే ప్రజలు హర్షిస్తారు.