ఉద్దానం డాక్టరుకు గ్రాంటు ఎవరిస్తారు?

విదేశాల్లో పరిశోధన చేసి స్వదేశానికి తిరిగొచ్చే శాస్త్రవేత్తలకు కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ఇచ్చే ఫెలోషిప్‌కు వులిమిరి రామలింగస్వామి పేరు పెట్టారు. ఆయన 1921లో శ్రీకాకుళంలో పుట్టారు. విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఇంటింటా కనిపించే గాయిటర్‌ను ఉప్పులో అయొడిన్ కలిపి అదుపు చేయవచ్చని ఏళ్ల తరబడి ఊళ్లలోనే పనిచేసి చూపించారు. ఆయన పుట్టిన జిల్లాలోనే ఉద్దానం ఉంది. అక్కడి కవిటి, కంచిలి, సోంపేట, మందస కొబ్బరితోటల మధ్య కిడ్నీలు పాడై డయాలసిస్‌కు తిరుగుతున్న మనుషులున్నారు. కారణం మాత్రం ఇప్పటికీ ఇదమిత్థంగా తేలలేదు.

ఎవరూ పట్టించుకోలేదని కాదు. ఎన్నో బృందాలు వచ్చాయి, నీళ్లు, మట్టి, రక్తం నమూనాలు పట్టుకెళ్లాయి, పత్రాలు అచ్చయ్యాయి. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. కానీ రోజూ ఆ రోగులను చూసే డాక్టరు ఒక ప్రశ్న పట్టుకుని, తన పేరు మీద గ్రాంటు తెచ్చుకుని, పదేళ్లు దాని వెంటే పడే వీలు మన దగ్గర లేదు. బయటి నుంచి వచ్చినవాళ్లు ప్రాజెక్టు గడువు తీరగానే వెళ్లిపోతారు. మెల్లగా ముదిరే కిడ్నీ జబ్బేమో మూడేళ్ల ప్రాజెక్టులో ఒదగదు.

డబ్బు లేదన్నది సగమే నిజం. పరిశోధన మీద దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతమే, కాదనలేం. 2023లో చట్టం చేసి తెచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌కు ఐదేళ్లలో రూ.50,000 కోట్లు అన్నారు. అందులో రూ.36,000 కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలని లెక్క వేశారు. అది రాబడి కాదు, ఆశ. అయినా వైద్య పరిశోధనకు తలుపులు మూసుకుపోలేదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దరఖాస్తులు పిలుస్తూనే ఉంటుంది; ఎంబీబీఎస్ విద్యార్థి చేసే రెండు నెలల ప్రాజెక్టుకూ స్టైపెండ్ ఇస్తుంది. డీబీటీ, బ్రిటన్‌కు చెందిన వెల్కమ్ ట్రస్టు కలిసి నడిపే ఇండియా అలయెన్స్ కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే. డాక్టర్లకూ ప్రజారోగ్య పరిశోధకులకూ అక్కడ విడిగా ఫెలోషిప్‌లున్నాయి. ఆ కార్యక్రమం మూడో దశకు కేంద్ర క్యాబినెట్ 2025 అక్టోబరులో రూ.1,500 కోట్లు ఆమోదించింది. వెయ్యి కోట్లు డీబీటీవి, ఐదు వందల కోట్లు వెల్కమ్‌వి.

మరి ఇవి ఎవరికి చేరుతున్నాయి? డాక్టర్ సమీరన్ నందీ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం దేశంలోని 579 వైద్య విద్యాసంస్థల పదేళ్ల పరిశోధనను లెక్కగట్టింది. 332 సంస్థల నుంచి ఒక్క పత్రమూ రాలేదు. మొత్తం పత్రాల్లో 40 శాతం కేవలం 25 సంస్థలవి. పత్రం లేనివాడికి గ్రాంటు రాదు, గ్రాంటు లేనివాడు పత్రం రాయలేడు. ఈ సుడిలో చిక్కుకున్న డాక్టరుకు నోటిఫికేషన్ లింకు పంపి ‘అప్లై చేసుకోండి’ అనడం సహాయం కిందికి రాదు.

అసలు ఆ దరఖాస్తు ఎలా ఉంటుందో చూడండి. ఎందరు రోగులను తీసుకోవాలో స్టాటిస్టిక్స్ ప్రకారం లెక్క చూపాలి. డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్ దగ్గర రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. జీతాలు, కెమికల్స్, పరికరాలు, ప్రయాణాలు, ఓవర్‌హెడ్ అంటూ బడ్జెట్‌ను పద్దులుగా విడగొట్టి, ప్రతి పద్దుకూ ఎందుకో రాయాలి. చివరన సంస్థ అధిపతి సంతకంతో ఎండార్స్‌మెంట్. పోర్టల్ సాయంత్రం మూసేస్తారనగా ప్రిన్సిపల్ గారు మీటింగులో ఉంటారు. సీసీఎంబీలోనో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలోనో అయితే ఈ పనులు తెలిసిన మనిషి పక్క గదిలో ఉంటాడు, నిరుడు గ్రాంటు గెలిచిన సహోద్యోగి తన ప్రపోజల్ చూపిస్తాడు. జిల్లా కాలేజీలో వంద మంది ఓపీ చూసి వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇవన్నీ ఒంటరిగా, రాత్రిపూట చేసుకోవాలి. ప్రతిభలో తేడా ఉందేమో నాకు తెలియదు గానీ, ఈ ఏర్పాట్లలో తేడా మాత్రం కళ్లకు కనిపిస్తూనే ఉంది.

గ్రాంటు మంజూరైతే కష్టాలు తీరినట్టేనా అంటే అదీ లేదు. యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) వెళ్లందే తర్వాతి వాయిదా రాదు. 2022 జులైలో పరిశోధన సంస్థలు కొనే పరికరాలపై ఐదు శాతం రాయితీ జీఎస్టీని ఎత్తేసి, చాలావాటిని 18 శాతంలోకి మార్చారు. మంజూరైన మొత్తాలు మాత్రం పెరగలేదు. 2024 బడ్జెట్లో ల్యాబ్ కెమికల్స్‌పై కస్టమ్స్ సుంకాన్ని 10 నుంచి 150 శాతానికి పెంచి, గగ్గోలు పుట్టాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. పెంచేముందు ఒక్క ల్యాబ్‌ను అడిగి ఉంటే సరిపోయేది. 2025 జూన్‌లో కొనుగోలు నిబంధనలు కొంత సడలించడం మంచి పనే.

దారి చెప్పేవాళ్లు పక్కన లేకపోతే అమెరికాలోని మన పోస్ట్‌డాక్‌ల సంగతీ దాదాపు ఇంతే. అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థ (ఎన్‌ఐహెచ్) ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్ పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మాత్రమే. కే99 అవార్డుకు ఆ షరతు లేదు, కానీ పోస్ట్‌డాక్‌గా నాలుగేళ్లు దాటకముందే దరఖాస్తు చేయాలి. ఈ తేడా పెద్ద ల్యాబుల్లో మొదటి ఏడాదే చెవిన పడుతుంది. మిగతావారికి గడువు దాటాక తెలుస్తుంది.

అందుకే గ్రాంటు వెతుక్కోవడాన్ని వ్యక్తి తెలివితేటలకు వదిలేయకూడదు. అది సంస్థ చేయాల్సిన పని. విజయవాడలోని ఎన్టీఆర్, వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు అనుబంధ కాలేజీలన్నిటికీ పనికొచ్చే గ్రాంట్ల విభాగం ఒకటి పెట్టాలి. ఒక స్టాటిస్టిషియన్, ప్రపోజల్ దిద్దే ఒక మనిషి, యూసీల లెక్కలు తెలిసిన ఒక అకౌంటెంట్ ఉంటే మొదలుపెట్టవచ్చు. డబ్బు లేదంటే నమ్మలేం. 2021లో ఎన్టీఆర్ వర్సిటీ నిధుల నుంచి రూ.400 కోట్లు రాష్ట్ర ఆర్థిక సేవల సంస్థకు తరలించినప్పుడు ఉద్యోగులు ఆందోళనకు దిగిన సంగతి ఇంకా ఎవరూ మరిచిపోలేదు.

దానితోపాటు ఇంకొకటి కావాలి. గ్రాంటు గెలిచిన డాక్టరుకు వారంలో రెండు రోజులు ఓపీ, నైట్ డ్యూటీల నుంచి మినహాయింపు, ఆ రోజుల్లో రోగులను చూసేందుకు మరో డాక్టరు. దీనికి ఐసీఎంఆర్ చేసేదేమీ లేదు. జీవో ఇవ్వాల్సింది అమరావతి, హైదరాబాద్ సచివాలయాల్లోని వైద్యారోగ్య శాఖలే.