దమ్ము లేక కాదు, దమ్మొచ్చి

సిలబస్‌లో దళిత కవిత్వం గురించి ఈ వారం రాస్తానన్నాను. అది వచ్చే ఆదివారం. ముందు ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జనవరి 3న, సావిత్రిబాయి ఫూలే జయంతికి, ఒక బాలికల గురుకులంలో మాట్లాడ్డానికి వెళ్లాను. ఏ ఊరని అడక్కండి. పొద్దున ఏడున్నరకి, మంచు ఇంకా విడవలేదు, పరుగు పందెం పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి రెండో రౌండ్ పూర్తిచేసి, గీత దాటి, నాలుగడుగులు నడిచి వంగిపోయింది. మోకాళ్ల మీద చేతులు. చెవుల దాకా లేచిన భుజాలు. మెడ కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. దగ్గరికెళ్తే పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

"నాటకాలు మేడం" అంది పీఈటీ. "పరుగు అనంగనే దీనికి దమ్మొస్తది. మెస్సుల మాత్రం రెండుసార్లు పెట్టించుకుంటది."

ఆమె మన మనిషే. పది నిమిషాల ముందు నాతో కలిసి జై భీమ్ అన్న మనిషి.

తెలుగు చెప్పుకు బతికేదాన్ని కదా, ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తెలంగాణలో దమ్ము అంటే ఊపిరి. దమ్ము అంటే ధైర్యం. ఉబ్బసానికీ అదే మాట. దమ్మొచ్చిన పిల్లని దమ్ము లేని పిల్లగా మార్చడానికి అరక్షణం చాలు. ఒక ఈల, ఒక వెక్కిరింపు.

అసలు సంగతి వినండి. ఆ పిల్లకి జిల్లా ఆస్పత్రి డాక్టర్ రాసిచ్చిన నీలం ఇన్‌హేలర్ ఉంది. సిక్ రూమ్ బీరువాలో ఉంది. బీరువాకి తాళం. తాళంచెవి నర్సు దగ్గర. నర్సు సెలవు. "పిల్లల దగ్గర మందులుంచొద్దు మేడం, అయినా అది అలవాటైతే జన్మంతా వదలదు" అని వార్డెన్. 108కి ఫోన్ చేశాం. చివరికి వంటావిడ రోకలి తెచ్చి తాళం పగలగొట్టింది. పిల్ల వంగిపోయినప్పటి నుంచి ఇన్‌హేలర్ నోటికందే దాకా 18 నిమిషాలు. మందుకీ ఊపిరికీ మధ్య దూరం నూరు గజాలు కూడా లేదు.

ఈ దేశంలో ఒక పాత అబద్ధముంది. మాల మాదిగలది గట్టి ఒళ్లు, ఎండ తెలియదు, బరువు తెలియదు అని. ఆ అబద్ధంతోనే మన తాతల చేత వెట్టి చేయించారు. అదే అబద్ధం ఇప్పుడు మన మెళ్లోనే ఈలై వేలాడుతోంది. 2014 మే 25న పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు నేను ఏడ్చాను. ఆ గర్వం మనది, ఎవరికీ ఇవ్వను. కానీ ఆ ఫోటో చూపించి, పరిగెత్తలేని పిల్లని సిగ్గుపడేలా చేయమని ఎవరు చెప్పారు?

ఇంకో రకం దయ ఉంది. నేను తిన్నది అది. హాస్టల్లో నాకు ఆయాసమని పీటీ పీరియడ్ మొత్తం వేపచెట్టు కింద కూర్చోబెట్టేవారు. పుస్తకాలు చదువుకున్నాను, నిజమే, డాక్టరేట్ కూడా వచ్చింది. కానీ ఖోఖో ఆడలేదు. దాన్ని సాయం అనకండి. జాకీ జాయ్‌నర్ కెర్సీకి ఆస్తమా. ఈస్ట్ సెయింట్ లూయీ పేదవాడలో పుట్టిన నల్లజాతి పిల్ల. 1988 సియోల్‌లో హెప్టాథ్లాన్‌లో 7,291 పాయింట్లు కొట్టింది. చెట్టు కింద కూర్చోబెడితే కొట్టేదా?

జరిగేదేంటంటే, పరిగెత్తేటప్పుడు నోటితో గబగబా గాలి పీలుస్తాం. చల్లటి పొడిగాలికి శ్వాసనాళాల లోపొర ఎండిపోతుంది, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. చాలామందికి ఆగిన కొన్ని నిమిషాలకి ఇంకా ఎక్కువవుతుంది. అందుకే "పందెం అయిపోయాక యాక్టింగ్" అనిపిస్తుంది చూసేవాళ్లకి.

అప్పుడు పిల్లని పడుకోబెట్టకండి. నిటారుగా, కాస్త ముందుకి వంగి కూర్చోబెట్టండి. గుంపుని పంపేయండి. నీలం ఇన్‌హేలర్ ఒక్కో పఫ్ చొప్పున 4, ప్రతి పఫ్‌కీ 4 సార్లు ఊపిరి. 4 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ 4. అయినా తగ్గకపోతే 108. మాట పూర్తిగా పలకలేకపోతున్నా, పెదాలు నీలం తిరిగినా, ముందే 108 చేసి ఇన్‌హేలర్ ఆపకుండా ఇవ్వండి. స్పేసర్ కొనే డబ్బు లేదా? అర లీటరు నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతి నోట్లో పెట్టండి. అది పనిచేస్తుందని దక్షిణాఫ్రికా డాక్టర్లు 1999లోనే చూపించారు.

మాటిమాటికీ నీలం ఇన్‌హేలర్ కావాల్సొస్తే అది చాలనట్టు. రోజూ వాడే మందు డాక్టర్ రాయాలి. ఇంకోటి, ప్రతి ఆయాసమూ ఆస్తమా కాదు. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంతో మీకు తెలుసు. పరుగులో గుండెనొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా గుండె పరీక్ష చేయించాలి.

సాయంత్రం ఆ పిల్ల అమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. ఒకటే అర్ర, కట్టెల పొయ్యి అందులోనే. మూడేండ్లు మృగశిర కార్తెకి నాంపల్లి చేప మందుకి పిల్లని ఎత్తుకుపోయారట. ఆమెని నేనేమీ అనను. ఆ క్యూలకి బారికేడ్లు కట్టి, పోలీసుల్ని పెట్టి, కొర్రమీను పిల్లల్ని సరఫరా చేసే సర్కారుని అంటాను. ఆమె చివర్లో గొంతు తగ్గించి, "ఇంజెక్టర్ సంగతి ఎవ్వలకు చెప్పకు బిడ్డా, రేపు పెండ్లికి అడ్డమైతది" అంది. ఇన్‌హేలర్‌ని ఆమె అట్లా అంటుంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. "సరే అమ్మా, పేరు చెప్పను" అన్నాను.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మెస్ బియ్యంలో పురుగుల ఫోటోలు తీస్తారు కదా, ఈసారి సిక్ రూమ్ బీరువా ఫోటో కూడా తీయండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి. గ్రౌండ్‌లో ఈల ఉన్న ప్రతి మెళ్లోనూ ఇన్‌హేలర్ సంచీ ఉండాలని డిమాండ్ పెట్టండి. వినతిపత్రం నేను రాసిస్తాను.

నిన్న ఆ పీఈటీ ఫోన్ చేసింది. క్షమాపణ లేదు, నమస్తే కూడా సరిగ్గా లేదు. "రేపు ఖోఖో ఉంది మేడం. అది ఎప్పుడు కొట్టాలి, ఆటకు ముందా, తర్వాతనా?"

"డాక్టర్ చీటీ చూడు. ముందే, పావుగంట ముందు" అన్నాను.