పాత కారునకు క్రొత్త చక్రములు



తాతగారి నాటి అంబాసడరు కారును బాగుచేయించి వాకిట నిలుపుకొనవలెననెడి ముచ్చట నేడు కొన్ని కుటుంబములలో కనబడుచున్నది. ఇంగ్లండు దేశపు మారిస్ ఆక్సుఫర్డు కారు మాతృకగా వంగదేశమున ఉత్తరపారాలో తయారైన ఈ కార్ల నిర్మాణము 2014వ సంవత్సరమున నిలిచిపోయినది. కావున ఉన్నవానిని కాపాడుకొనుట ఉచితమే. అయితే ఈ పనిలో మొదట అందరి కన్ను పడునది తళతళలాడు చక్రములపైన. చివర తలపునకు వచ్చునవి వెనుక ఇరుసునకు కట్టిన కమానులు. ఈ వరుస మారవలెను. వెనుక కూర్చుండు పిల్లల బరువును, పెద్దల బరువును మోయునవి ఆ కమానులే.

ఉక్కు పట్టీలను ఒకదానిక్రింద నొకటి పేర్చి బిగించిన కట్టయే కమాను. అన్నిటికంటె పొడవైన పట్టీకి రెండు కొనలయందును కన్నులుండును. ముందు కన్ను కారు అడుగునకు బిగింపబడును. వెనుక కన్ను ఊగెడి షాకిలునకు తగిలింపబడును. గోతిలో పడినపుడు వంపు సాగి కమాను పొడవగును గనుక ఆ ఊగుట అవసరము. కమాను బరువు మోయుటయే గాక ఇరుసును తన చోట నిలుపును కూడ. కావున పట్టీ విఱిగినను, వంపు చచ్చి కారు ఒక ప్రక్కకు వాలినను ఉపేక్షింపరాదు. మార్చునపుడు రెండు వైపులను ఒక్కసారే మార్పింపవలెను.

గట్టిగా నుండుటకై మందపు పట్టీలు వేయుదమని ఎవరైన చెప్పినచో తొందరపడకుడు. పట్టీ మందము రెట్టింపైనచో దాని బిఱుసు ఎనిమిది రెట్లగును. ప్రతి గతుకును నడుమునకు తగులును. కన్నులలోని రబ్బరు బుష్షులను, షాకబ్జర్లను గూడ చూపింపవలెను. కమాను కుదుపును మ్రింగును. పిదప కలుగు ఊపును షాకబ్జరు అణచును. కారు వెనుక మూలను అదిమి విడిచినపుడు అది పదేపదే ఊగినచో షాకబ్జరు అరిగినదని తెలియనగును.

ఇక చక్రములు. బోల్టు రంధ్రముల సంఖ్య, వాని నడిమి దూరము, మధ్య రంధ్రపు కొలత సరిపోవలెను. చక్రము వెలుపలికి మిక్కిలి పొడుచుకొని వచ్చినచో బేరింగులపై భారము హెచ్చును. మనుష్యులెక్కగనే టైరు మడ్‌గార్డునకు రాచుకొనును. అందుచే ఐదుగురిని కూర్చుండబెట్టియే పరీక్షింపవలెను. టైరు మొత్తపు ఎత్తు నూటికి 5 వంతులు పెరిగినచో, వేగసూచి 60 చూపునపుడు కారు 63 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. టైరు ప్రక్కనుండు నాలుగంకెలను గూడ చదువుడు: 2319 అనగా 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని యర్థము. అచ్చు అరుగకున్నను రబ్బరు ముదియును.

చట్టమును మఱువరాదు. నమోదు పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించినవానికి భిన్నమగునట్లు వాహనమును మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ విభాగమున, నిషేధించుచున్నది. 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడని కార్లకు ప్రాచీన వాహనములుగా ప్రత్యేకపు నమోదు 2021వ సంవత్సరపు నిబంధనలచే ఏర్పడినది. ఆ గౌరవము కోరువారు పాత రూపమును చెఱుపకుండుటయే మేలు.

పైన పటారము, లోన లొటారము అను సామెత మన కారునకు తగులరాదు. ముందు కమానులకు వ్యయింపుడు. మిగిలినదానితో చక్రములు కొనుడు.