సొంత వెబ్ సర్వర్: పెట్టడం అరపూట, కాపాడటం ఏళ్ల తరబడి

మన సంఘం మిత్రులు తరచూ అడుగుతుంటారు: "పాత సంచికలు, ఉగాది ఫొటోలు, తెలుగు బడి పాఠాలు దాచుకోవడానికి మనకంటూ ఒక సర్వర్ ఉండాలా?" ఉంటే మంచిదే అంటాను. ఉచితంగా దొరికిన చోటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. 2009లో యాహూ అమెరికాలో జియోసిటీస్‌ను మూసేసినప్పుడు లక్షలాది సొంత పేజీలకు నిలువ నీడ లేకుండా పోయింది. అందుకే ఈసారి లినక్స్ మీద అపాచీ గురించి చెప్పుకుందాం. 1995లో మొదలైన ఈ వెబ్ సర్వర్ ఇప్పటికీ ఉచితమే.

చిన్న అద్దె మెషీన్ చాలు. దానిలో ఉబుంటు ఎల్‌టీఎస్ వేసుకుంటే ఐదేళ్లపాటు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అపాచీ2" అని కొట్టండి, సర్వర్ లేచి కూర్చుంటుంది. అసలు పని ఇక్కడి నుంచే.

మొదటిది ఫైర్‌వాల్. దాన్ని ఆన్ చేసే ముందే ఎస్‌ఎస్‌హెచ్‌కి దారి వదలండి. లేదంటే తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. తరువాత 80, 443 పోర్టులు తెరవండి.

రెండోది తెలుగు. పేజీలను యూటీఎఫ్-8లో భద్రపరచండి. అపాచీ "క్యారెక్టర్ సెట్" ఫైలులో యూటీఎఫ్-8 అన్న వరుస ముందున్న హ్యాష్ గుర్తు తీసేయండి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు. బ్రౌజరు వాటిని వేరేగా చదివితే మన అక్షరాలు పిచ్చి గీతలవుతాయి.

మూడోది భద్రత. డొమైన్ పేరు మీ సర్వర్‌కు చేరాక, సర్ట్‌బాట్‌తో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితంగా తెచ్చుకోవచ్చు. గడువు దగ్గర పడితే అదే రెన్యూ చేస్తుంది.

సెట్టింగులు మార్చిన ప్రతిసారీ ముందు "అపాచీ సీటీఎల్ కాన్ఫిగ్‌టెస్ట్" నడపండి. సరే అన్నాకే రీలోడ్ చేయండి. చూస్తున్నవాళ్లకు అంతరాయం ఉండదు.

ఇవన్నీ ఒక శనివారం మధ్యాహ్నం అయిపోతాయి. సంఘాల సైట్లకు అసలు ముప్పు వేరే చోట ఉంది. డొమైన్, పాస్‌వర్డులు ఒకే వాలంటీరు ఈమెయిల్ మీద ఉంటాయి. ఆయన వేరే ఊరు వెళ్లిపోతే, రెన్యూవల్ నోటీసు ఎవరూ చూడని పెట్టెలో పడుతుంది. పదేళ్ల జ్ఞాపకాలు ఆ ఒక్క ఉత్తరంతో పోవచ్చు. కాబట్టి ఖాతాలు సంఘం పేరున తెరవండి, కనీసం ఇద్దరికి ప్రవేశం ఇవ్వండి. బ్యాకప్ వేరే మెషీన్‌లో ఉంచి, సంచిక వెలువడినప్పుడల్లా ఒకసారి తెరిచి చూసుకోండి.

కొత్త కార్యవర్గానికి ఖాతా పుస్తకాలతో పాటు ఈ వివరాల కాగితం కూడా అందించండి.